సూపర్‌హీరో కామిక్స్‌లో చదివి ఏళ్లయినా మిమ్మల్ని వదలని కథ ఏది?

సాలెగూడు_శీను:

అందరికీ నమస్తే. సినిమాల గురించి కాదు, కామిక్స్ గురించే అడుగుతున్నా. ముందే చెప్పకపోతే మూడో రిప్లైకల్లా థియేటర్లో ఈలలేసిన సీన్ల లిస్టు మొదలవుతుందని తెలుసు.

నెల కిందట ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే స్పైడర్‌మ్యాన్ రీప్రింట్ ఒకటి కనబడింది. అట్ట లేదు, చివర్లో నాలుగు పేజీలు ఊడిపోయాయి. ఆయన నూట ఇరవై అన్నాడు, నేను ఎనభైకి తెచ్చుకున్నా. ఇంటికొచ్చి చూస్తే అందులో ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 121, 122 సంచికలున్నాయి, 1973వి. అంటే స్పైడర్‌మ్యాన్ ప్రేమించిన గ్వెన్ స్టేసీ చనిపోయే కథ. కథ నాకు ముందే తెలుసు, 2014లో వచ్చిన సినిమాలో కూడా చూశాను. తెలిసిందే కదా అని టీ కప్పు పక్కన పెట్టుకుని మొదలుపెట్టా. ఆ టీ తాగనే లేదు.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. పీటర్‌కి, అంటే మాస్క్ తీసిన స్పైడర్‌మ్యాన్‌కి, ఆ రోజు ఒంట్లో బాగోదు, మొదట్నుంచీ జలుబుతో తూలుతూనే ఉంటాడు. రూమ్మేట్ హ్యారీ మత్తుమందు దెబ్బకి మంచం పట్టాడు. వాళ్ల నాన్న నార్మన్ ఆస్బర్న్ ఒక పక్క కొడుకు బాధ, ఇంకో పక్క వ్యాపారం టెన్షన్ తట్టుకోలేక మళ్లీ గ్రీన్ గాబ్లిన్ అనే విలన్ అయిపోతాడు. గ్వెన్‌ని ఎత్తుకుపోయి జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి టవర్ మీద పెట్టి, అక్కణ్నుంచి కిందికి తోసేస్తాడు. పీటర్ వెబ్, అదే సాలెదారం, వదులుతాడు, అది వెళ్లి ఆమె కాలికి చుట్టుకుంటుంది, హమ్మయ్య అందుకున్నాడు అనుకుంటాం. ఆ ప్యానెల్లోనే ఆమె మెడ దగ్గర చిన్న అక్షరాల్లో ‘స్నాప్’ అని ఉంటుంది. మొదటిసారి నేను దాన్ని చూడనే లేదు. పీటర్ కూడా గమనించడు. ఆమెని పైకి లాక్కుంటూ తనని తానే మెచ్చుకుంటుంటాడు పాపం, నా అంత హీరో లేడన్నట్టు. చేతుల్లోకి తీసుకున్నాకగానీ తెలీదు వాడికి.

రాసింది గెర్రీ కాన్వే, అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు. బొమ్మలు గిల్ కేన్, జాన్ రోమిటా. ఇంకో తమాషా ఏంటంటే 121 మొదటి పేజీలో కథ పేరు వేయలేదు, చివర్లో చెప్తాం అన్నారు. పేరులోనే చావు ఉంది కాబట్టి ఆఖరి పేజీకి దాచారు.

ఇదంతా ఒక ఎత్తు, 122 ముగింపు ఒక ఎత్తు. వాళ్ల ఫ్రెండ్ మేరీ జేన్ అప్పటిదాకా పార్టీలూ డాన్సులూ తప్ప ఏదీ పట్టని పిల్ల. పీటర్ గదికి వచ్చి పలకరిస్తుంది. వాడు కసిరేస్తాడు, నీ కన్నతల్లి పోయినా నువ్వు ఏడవవు, పో ఇక్కణ్నుంచి అన్నట్టు మాట్లాడతాడు. ఆమె తలుపు దాకా వెళ్తుంది. వెళ్లి ఆగుతుంది. తర్వాత తలుపు మూస్తుంది, తను లోపలే ఉండి. ‘క్లిక్’ అని ఒక్క చప్పుడు, అంతే, కథ అయిపోయింది.

నా పుస్తకంలో ఊడిపోయిన నాలుగు పేజీల్లో ఇదీ ఒకటి. ఆ ఒక్క పేజీ కోసం సంచిక మొత్తం మళ్లీ ఫోన్‌లో కొనుక్కుని చదివా. మా తాతయ్య పోయినప్పుడు ఊళ్లో వాళ్లంతా వచ్చి తలా ఒక మాట చెప్పి వెళ్లారు, ఎవరేం చెప్పారో ఒక్కటీ గుర్తులేదు. పక్కింటి పిన్ని ఒకావిడ మాత్రం ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లి, అంట్లన్నీ తోమి బోర్లించి, మా అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. ఆ తలుపు చప్పుడు చదవగానే నాకు ఆవిడే గుర్తొచ్చింది.

మీకు ఇలా మిగిలిపోయిన కథ ఏది? చావే కానక్కర్లేదు. కామిక్స్ కంపెనీల్లో మార్వెల్ గొప్పదా డీసీ గొప్పదా అనే గొడవ మాత్రం ఇక్కడ వద్దు, దానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి.

*

మెకానికల్_మావయ్య:

శీనూ, ఆ ‘స్నాప్’ గురించి ఒక మాట, నా ఉద్యోగానికి సంబంధించిన సంగతి కాబట్టి కొంచెం సాగదీస్తా, ఓపిక పట్టు.

గాబ్లిన్ ఏమంటాడంటే, నీ వెబ్ తగిలేలోపే ఆ పిల్ల చచ్చిపోయింది, అంత ఎత్తు నుంచి పడితే ఎవరైనా చస్తారు అంటాడు. అది ఉత్త మాట. పడుతున్నంతసేపూ మనిషికి ఏమీ కాదు, లేకపోతే పారాచూట్ కట్టుకుని దూకేవాళ్లెవరూ బతకరు. పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే 125వ సంచికలో ఎడిటర్లే ఒప్పుకున్నారు, వెబ్ ఒక్కసారిగా ఆపడంతో వచ్చిన కుదుపే చంపిందని. ఆమెని వేరే రకంగా కాపాడే దారి కూడా పీటర్‌కి లేదని అన్నారు.

లెక్క వేసి చూడు. 90 మీటర్లు పడిందనుకో, గాలి సంగతి వదిలెయ్. అప్పటికి వేగం సెకనుకి 42 మీటర్లు, అంటే గంటకి 150 కిలోమీటర్లు. దాన్ని అర సెకనులో ఆపితే ఒంటి మీద పడే లాగుడు మనిషి బరువుకి తొమ్మిది పది రెట్లు. అదీ కాలు పట్టుకుని, తల వేలాడుతుండగా. మిన్నెసోటా యూనివర్సిటీలో జేమ్స్ కకాలియోస్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఈ సీన్‌నే క్లాసులో పాఠంగా చెప్పాడు, సూపర్‌హీరోల ఫిజిక్స్ మీద ఆయన రాసిన పుస్తకంలోనూ ఉంది.

నేను కన్‌స్ట్రక్షన్ సైట్లో సేఫ్టీ చూస్తాను. ఎత్తు మీద పనిచేసేవాళ్లు కట్టుకునే హార్నెస్ తాడుకి మధ్యలో చిన్న సంచీ లాంటిది ఉంటుంది, లోపల మడతలు పెట్టి కుట్టిన బెల్టు. మనిషి పడితే ఆ కుట్లు పటపటా తెగుతూ తాడు మెల్లగా సాగుతుంది, కుదుపు తగ్గుతుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అది అడ్డమని పక్కన పడేసి మామూలు తాడు కట్టుకుంటారు. తాడు గట్టిదే కదా సార్, తెగదు కదా అంటారు. తెగదురా, అదే ప్రమాదం అని వాళ్లకి చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చేది. ఇప్పుడు ఫోన్‌లో ఈ పేజీ చూపిస్తా. ఒక్కసారి చూస్తే మళ్లీ చెప్పే పని లేదు.

కథగా చూసినా నాకు నచ్చేది ఇదే. విలన్ తోశాడు నిజమే, కానీ ప్రాణం పోయింది హీరో పట్టుకున్నందుకు. పట్టుకోకపోతే నీళ్లలో పడి పోయేది, పట్టుకుంటే ఇలా పోయింది. ఇంక వాడు ఎవరి మీద కోపం తీర్చుకుంటాడు చెప్పు. 122లో గాబ్లిన్ తన గ్లైడర్ తనకే గుచ్చుకుని చస్తాడు, అయినా చదివేవాడికి ఏ తృప్తీ ఉండదు. పగ తీరింది అనే సినిమా లెక్క ఇక్కడ పనిచెయ్యదు.

*

గోంగూర_గాథమ్:

మావయ్యగారూ, మీ హార్నెస్ సంగతి భలే ఉంది. శీను గారి మేరీ జేన్ పేజీ కూడా ఒప్పుకుంటా. కానీ ఆ కథ మీద నాకు ఎప్పట్నుంచో ఒక కోపం ఉంది, ఇక్కడ కక్కేస్తా.

వంతెన సీన్ మొత్తం మళ్లీ చూడండి. గ్వెన్‌కి ఒక్క మాట లేదు. స్పృహలో లేదు, పడుకోబెట్టిన బొమ్మలా ఉంది. తన చావు సీన్లో తనకే డైలాగ్ లేదు! చనిపోయింది ఆమె, కథంతా పీటర్ బాధ, పీటర్ పగ, పీటర్ ఏడుపు. ఎందుకు చంపారయ్యా అంటే వీళ్లిద్దరి ప్రేమ పెళ్లి దాకా వచ్చేసింది, పెళ్లి చేస్తే హీరో పెద్దమనిషైపోతాడు, విడగొడితే బాగోదు. కాన్వేకి ఎలాగూ మేరీ జేనే ఎక్కువ ఇష్టం, ఆ మాట ఆయనే చెప్పుకున్నాడు. అంటే కథకి అడ్డమొచ్చిన పిల్లని తప్పించారు. మన సీరియళ్లలో నటి డేట్లు ఇవ్వకపోతే పాత్రకి యాక్సిడెంట్ చేయిస్తారు చూడండి, దానికీ దీనికీ పెద్ద తేడా ఏముంది?

ఇది గ్వెన్‌తో ఆగలేదు కూడా. 1994లో గ్రీన్ లాంటర్న్ 54వ సంచికలో హీరో ఇంటికొచ్చేసరికి అతని గర్ల్‌ఫ్రెండ్‌ని చంపి ఫ్రిజ్‌లో పెట్టి ఉంటుంది. అది చూసి ఒళ్లు మండి 1999లో గెయిల్ సిమోన్ ఒక పట్టిక తయారుచేసింది, కామిక్స్‌లో హీరోని బాధపెట్టడం కోసమే చంపిన, హింసించిన, శక్తులు పోగొట్టిన ఆడవాళ్ల పేర్లన్నీ. చాంతాడంత వచ్చింది. ఆవిడ తర్వాత తనే పెద్ద కామిక్స్ రైటర్ అయింది, అది వేరే కథ.

కాబట్టి నాకు మిగిలిపోయిన కథ 1973ది కాదు, 2014ది. ‘ఎడ్జ్ ఆఫ్ స్పైడర్‌వెర్స్’ రెండో సంచిక, జేసన్ లాటూర్ రాస్తే రాబీ రోడ్రిగెజ్ బొమ్మలు. ఇంకో లోకంలో సాలీడు కుట్టింది పీటర్‌ని కాదు, గ్వెన్‌ని. చనిపోయింది పీటర్. పోలీస్ కెప్టెన్ అయిన తండ్రి తుపాకీ పట్టుకుని స్పైడర్ ఉమన్‌ని అరెస్టు చెయ్యబోతాడు, ఆమె మాస్క్ తీసేస్తుంది. ఎదురుగా కూతురు. ఆ తండ్రి ముఖం చూడాలి మీరు. పాత కథలో కెప్టెన్ స్టేసీ 1970లోనే, అంటే 90వ సంచికలోనే పోతాడు, పోతూ పోతూ నా కూతుర్ని నువ్వే చూసుకోవాలి అని పీటర్ చేతిలో పెడతాడు. ఎవరి చేతిలోనో పెట్టాల్సిన వస్తువుగా ఉన్న అమ్మాయి ఇక్కడ తన నాన్న ఎదురుగా నిలబడి నేనే నాన్నా అంటుంది. నలభై ఏళ్లు పట్టింది ఆ పిల్లకి మాట రావడానికి.

2023లో స్పైడర్‌వెర్స్ రెండో భాగం తెలుగు డబ్బింగ్‌లో చూశాను, మా చెల్లి కూతుర్ని తీసుకెళ్లి. దానికి పవిత్ర్ ప్రభాకర్ తెగ నచ్చేశాడు, మన దేశం స్పైడర్‌మ్యాన్, 2004 కామిక్స్‌లో పుట్టినవాడు. నేను మాత్రం గ్వెన్, వాళ్ల నాన్న కూర్చుని మాట్లాడుకునే సీన్ దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నా. శీను గారూ, సినిమా ఊసు తెచ్చాను, క్షమించాలి.

*

రెండోషో_రాజు:

అందరూ ఏడుస్తున్నారు కాబట్టి నేను కొంచెం నీళ్లు చల్లుతా. బ్రో, కామిక్స్‌లో చావుకి విలువేముంది? పోయినోడు ఎప్పుడు తిరిగొస్తాడా అని వాచీ చూసుకోవడమే.

సూపర్‌మ్యాన్ 75వ సంచిక తీసుకోండి, 1992 నవంబర్లో వచ్చింది. నల్ల ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పైన రక్తం కారుతున్న ఎస్ గుర్తు, లోపల చేతికి కట్టుకోవడానికి నల్ల బ్యాండ్ కూడా ఇచ్చారు. జనం క్యూలు కట్టి, ఒకటి చదవడానికి, ఇంకోటి దాచుకోవడానికి అని కొన్నారు, రేపు లక్షలు పలుకుతుందని. అందరూ దాచుకుంటే ధర ఎక్కడ పెరుగుతుంది? ఏడాది తిరక్కుండానే సూపర్‌మ్యాన్ లేచొచ్చాడు, జుట్టు కూడా పెంచుకుని. నిజం చెప్పాలంటే ఆ చావు కథ గీసిన పద్ధతి మాత్రం సూపర్. ఒక సంచికలో పేజీకి నాలుగు ప్యానెళ్లు, తర్వాతి దాంట్లో మూడు, తర్వాత రెండు, చివరి సంచికలో పేజీకి ఒకటే బొమ్మ. ఊపిరి తగ్గుతున్నట్టు ఉంటుంది. డాన్ జర్గెన్స్‌కి దండం పెట్టొచ్చు. అయినా నాకు ఏడుపు రాలేదు.

నన్ను వెంటాడేది వేరే ఉంది, జేసన్ టాడ్. బ్యాట్‌మ్యాన్ పక్కన ఉండే కుర్ర హీరో రాబిన్ ఉన్నాడు కదా, ఆ పేరుతో వచ్చిన రెండోవాడు. 1988లో బ్యాట్‌మ్యాన్ 427లో జోకర్ వాణ్ని గునపంతో కొట్టి గోడౌన్లో బాంబు పెట్టి పోతాడు. సంచిక చివర్లో రెండు ఫోన్ నంబర్లు ఇచ్చారు. వీడు బతకాలంటే ఒక నంబర్, చావాలంటే ఇంకోటి. కాల్‌కి యాభై సెంట్లు. రియాలిటీ షో ఎలిమినేషన్ అనుకోండి, కాకపోతే ఎలిమినేట్ అయినోడు ఇంటికి కాదు, పాడె మీదకి పోతాడు. చావాలని 5,343 కాల్స్, బతకాలని 5,271. తేడా డెబ్బై రెండు! మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎలక్షన్లో కూడా ఇంతకంటే ఎక్కువ మెజారిటీ వస్తుంది. ఎవడో ఒకడే కంప్యూటర్ పెట్టి చావు నంబర్‌కి వరసగా కాల్స్ చేయించాడని తాను విన్నట్టు ఎడిటర్ డెన్నిస్ ఓనీల్ తర్వాత చెప్పాడు.

జిమ్ స్టార్లిన్ రాశాడు, జిమ్ అపారో గీశాడు. అపారో రెండు రకాలుగానూ గీసి పెట్టాడట, బతికిన పేజీ కూడా ఉంది. 2023లో డీసీ వాళ్లు ఆ బతికిన వెర్షన్‌ని కూడా అచ్చేశారు.

ఇప్పుడు అసలు విషయం. నేనీ కథ చదివినప్పుడు నాకు పదహారేళ్లు. జేసన్ అంటే మంట. ఎదురు మాట్లాడతాడు, చెప్పిన మాట వినడు, పాత రాబిన్ అంత చక్కగా ఉండడు. నేను 1988లో ఉండుంటే చావు నంబర్‌కే కొట్టేవాణ్ని, డౌటే లేదు. మొన్న మళ్లీ చదివితే కనబడింది, వాడు తల్లిని వెతుక్కుంటూ వెళ్లిన పిల్లోడు. దొరికిన తల్లి వాణ్ని జోకర్‌కి పట్టిస్తుంది. అయినా బాంబు పేలేముందు ఆ తల్లికే అడ్డంగా నిలబడతాడు వాడు. ఈ పిల్లాణ్నా నేను చంపమనేది అని కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

తర్వాత 2005లో వాడు కూడా తిరిగొచ్చాడు లెండి. చెప్పానుగా.

*

టైటాన్_తిరుపతి:

చాలాకాలంగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. రాజు గారు జిమ్ స్టార్లిన్ పేరెత్తారు కాబట్టి రాయాలనిపించింది. జేసన్ కథకి ఆరేళ్ల ముందు, 1982లో, ఆయనే రాసి ఆయనే బొమ్మలు వేసిన పుస్తకం ఒకటుంది. ‘డెత్ ఆఫ్ కెప్టెన్ మార్వెల్’. మార్వెల్ వాళ్లు వేసిన మొదటి గ్రాఫిక్ నావెల్ అదే. ఇక్కడ కెప్టెన్ మార్వెల్ అంటే సినిమాలో చూసిన ఆవిడ కాదు, అంతకుముందువాడు, క్రీ అనే గ్రహాంతర జాతి సైనికుడు మార్ వెల్.

అతనికి కాన్సర్. అంతే కథ. ఎప్పుడో నైట్రో అనే విలన్‌తో పోరాడినప్పుడు విషవాయువు పీల్చాడు, అది లోపల ఇన్నాళ్లూ పెరిగింది. చేతులకున్న నెగా బ్యాండ్లు దాన్ని ఇంతకాలం అదుపులో పెట్టాయి, కానీ ఇప్పుడు మందుల్ని పనిచెయ్యనివ్వనిది కూడా ఆ బ్యాండ్లే. అంటే బతికించిన బలమే వైద్యానికి అడ్డం.

నేను దీన్ని ఆసుపత్రి వరండాలో ఫోన్‌లో చదివాను. మా నాన్నగారిని మూడో కీమోకి తీసుకెళ్లిన రోజు. ఊరు, ఆసుపత్రి పేరు వద్దులెండి. టోకెన్ నంబర్ 64, బోర్డు మీద 19 దగ్గర ఆగిపోయింది. ఆయన నా భుజం మీద తల పెట్టి నిద్రపోతున్నారు, కాళ్ల దగ్గర స్టీలు క్యారియర్, అందులో అమ్మ కట్టిన మజ్జిగన్నం ముట్టుకోకుండా అలాగే ఉంది. టైమ్ పోవాలని ఏదో ఒకటి తెరిచా, తీరా చూస్తే ఇదీ కథ.

అందులో రిక్ జోన్స్ అని ఒక కుర్రాడున్నాడు, ఒకప్పుడు మార్ వెల్‌తో ప్రాణం పంచుకున్నవాడు. కాన్సర్ సంగతి తెలియగానే మార్ వెల్ మీదే అరుస్తాడు, ఊరికే ఒప్పేసుకుంటావా అని. ఆ తర్వాత అవెంజర్స్ దగ్గరికి వెళ్లి వాళ్ల మీద పడతాడు. ఇన్ని లోకాలు కాపాడారు, ఇన్ని యంత్రాలు చేశారు, ఇంతమంది సైంటిస్టులున్నారు, దీనికి మందు ఎందుకు కనిపెట్టలేదు అని. ఎవరి దగ్గరా జవాబు ఉండదు. సరిగ్గా వారం ముందు మా తమ్ముడు డాక్టర్ గది బయట ఇదే పని చేశాడు. చంద్రుడి మీదకి రాకెట్లు పంపుతారు, మా నాన్న కడుపులో గడ్డ తియ్యలేరా అని గట్టిగా అరిచాడు. సెక్యూరిటీ అతను వచ్చి వాడి భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్లి టీ ఇప్పించాడు. డాక్టరు తప్పేం లేదు, తమ్ముడి తప్పూ లేదు. రిక్ జోన్స్ పేజీ దగ్గరకొచ్చేసరికి నేను స్క్రీన్ ఆఫ్ చేసేశా, తిరిగి తెరవడానికి చాలాసేపు పట్టింది.

చివరికి హీరోలందరూ మార్ వెల్ ఉన్న టైటాన్‌కి, అంటే శనిగ్రహం చుట్టూ తిరిగే చంద్రుడి మీదకి, వస్తారు. మంచం చుట్టూ నిలబడతారు, చెయ్యడానికేమీ ఉండదు. కొండల్ని పిండిచేసేవాళ్లు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియకుండా నిలబడి ఉంటారు. అప్పుడు ఒక స్క్రల్ సేనాని వస్తాడు. క్రీ జాతికీ స్క్రల్ జాతికీ తరతరాల వైరం. గది అంతా ఉలిక్కిపడుతుంది. అతను వచ్చి తమ రాజ్యం తరఫున శౌర్య పతకం ఇచ్చి వెళ్తాడు, గొప్ప శత్రువుకి గౌరవంగా.

మా నాన్నగారికీ, మాకు పెదనాన్న వరసయ్యే ఒకాయనకీ పొలం గట్టు దగ్గర గొడవ. పదకొండేళ్లు మాటల్లేవు, పెళ్లిళ్లకి పిలుపుల్లేవు, కోర్టు దాకా వెళ్లారు. ఆఖరి నెలలో ఒక సాయంత్రం ఆయన బత్తాయిల సంచితో వచ్చారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఈసారి కాలవ నీళ్లు ముందే వదిలారు, మీ చెక్క కూడా తడిపించాను అన్నారు. నాన్నగారు తల ఊపారు. అంతే మాట్లాడుకుంది.

పుస్తకంలో మార్ వెల్ చివర్లో కలలాంటి స్థితిలో తన పాత శత్రువు థానోస్‌తో పోరాడతాడు, తర్వాత పోరాటం ఆపేస్తాడు. స్టార్లిన్ తండ్రి కాన్సర్‌తో పోయాక రాసిన కథ ఇది అని నాకు తర్వాత తెలిసింది. తెలియకముందే అర్థమైంది.

*

సాలెగూడు_శీను:

తిరుపతి గారూ, ఏం రాయాలో తెలియక రెండుసార్లు టైప్ చేసి చెరిపేశాను. రాసినందుకు థ్యాంక్స్ అండీ. మీ తమ్ముడు గారు ఇప్పుడెలా ఉన్నారు?

*

టైటాన్_తిరుపతి:

బాగున్నాడు శీను గారూ. ఫార్మసీ చదువుతున్నాడు.

*

కరీంనగర్_క్రిప్టన్:

తిరుపతన్న రాసింది చదివినంక నాది చెప్పాల్నా వద్దా అనిపించింది, కానీ రాజుకి జవాబు ఇవ్వాల్సిందే.

రాజూ, నువ్వు చావులే లెక్కపెడుతున్నవ్. ‘ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్’ పదో సంచిక చదివినవా? గ్రాంట్ మారిసన్ కథ, ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలు, 2008. అందులో సూపర్‌మ్యాన్‌కే ఎక్కువ రోజులు లేవు, సూర్యుడి శక్తి మోతాదు మించి ఒళ్లు లోపల్నుంచి చెడిపోతోంది. మిగిలిన టైమ్‌లో చెయ్యాల్సిన పనులు ఒక్కొక్కటే చేసుకుంటూ పోతుంటడు. మధ్యలో ఒకే ఒక్క పేజీ వస్తుంది. ఒక అమ్మాయి పెద్ద బిల్డింగ్ అంచు మీద నిలబడి ఉంటది. సూపర్‌మ్యాన్ వెనక వచ్చి నిలబడతడు. నీ డాక్టర్ నిజంగానే ఎక్కడో ఇరుక్కుపోయి రాలేకపోయిన్రు, నిన్ను వదిలెయ్యలేదు అని చెప్తడు. నువ్వు అనుకుంటున్నదానికంటే నువ్వు గట్టిదానివి అంటడు. ఆ అమ్మాయి తిరిగి వచ్చి పట్టుకుని ఏడుస్తది. అయిపోయింది, తర్వాతి పేజీలో ఇంకో పని.

నాకు నచ్చింది ఏందంటే, ఆయన ఆమెని ఎత్తుకుని కిందికి దింపొచ్చు, ఆయనకి అదెంత పని? అట్ల చెయ్యడు. వెనక నిలబడి మాట్లాడతడు, ఆమె తనంతట తను తిరిగేదాకా. నేను డిగ్రీ రెండో సంవత్సరం ఫెయిలై హాస్టల్ రూమ్‌లో తలుపేసుకుని ఉన్నప్పుడు మా దోస్త్ ఒకడు తలుపు బయట వరండాలో పడుకున్నడు రాత్రంతా. తలుపు తియ్యమని ఒక్కసారి కూడా అడగలే. పొద్దున నేనే తీసిన. శీను అన్న ‘క్లిక్’కి ఇది ఉల్టా అనుకో.

ఇంకోటి, చిన్నది. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 248లో, 1984ది, పదకొండు పేజీల కథ ఉంటది, రోజర్ స్టెర్న్ రాసింది. టిమ్ అనే పిల్లగాడు స్పైడర్‌మ్యాన్ గురించి పేపర్ కటింగులన్నీ దాచుకుంటడు. ఒక రాత్రి స్పైడర్‌మ్యాన్ కిటికీ నుంచి వచ్చి వాడితో ముచ్చట పెడతడు, మాస్క్ తీసి ముఖం చూపిస్తడు, తన తప్పు వల్ల తనని పెంచిన బెన్ అంకుల్ ఎట్ల పోయిండో కూడా చెప్తడు. ఇంత పెద్ద రహస్యం ఒక పిల్లగానికి ఎందుకు చెప్పిండో చివరి బొమ్మ దాకా తెల్వదు. నేనూ చెప్పను. చదవనోళ్లు చదవండి.

*

రెండోషో_రాజు:

సరే, ఒప్పుకుంటున్నా. తిరుపతి గారు చెప్పింది రాత్రే చదివా. ఒక విషయం గమనించారా, మార్ వెల్‌ని ఇప్పటిదాకా సరిగ్గా బతికించలేదు వాళ్లు. 2007లో ఒకసారి వచ్చాడని హడావిడి చేసి, తీరా అది వేషం మార్చిన స్క్రల్ అని తేల్చారు. నా వాచీ థియరీకి అడ్డం తగిలినోడు వీడొక్కడే. గుద్దులు తిని పోయినోడు రేపు లేస్తాడు, మంచం మీద పోయినోణ్ని లేపడానికి రైటర్లకే చెయ్యి రాలేదేమో.

టిమ్ కథ కూడా చదివా క్రిప్టన్ బ్రో. చివరి బొమ్మ గురించి ముందే వార్నింగ్ ఇవ్వాల్సింది, ఆఫీసులో చదివా, పక్క సీటు ఆవిడ ఏమైందండీ అని అడిగింది. కళ్లలో దుమ్ము అన్నా. ఏసీ రూమ్‌లో దుమ్మేంటండీ అంది.

*

గోంగూర_గాథమ్:

రాజు గారూ, హహ. నేను వచ్చింది ఒక చిన్న దిద్దుబాటుకి. శీను గారూ, ఆ వంతెన జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి అని కథలో మాటల్లోనే రాశారు, నిజమే. కానీ బొమ్మ చూడండి. రాతి టవర్లు, కోసుగా ఉండే కమాను సందులు. అది బ్రూక్లిన్ బ్రిడ్జి. జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి టవర్లు ఇనుప చట్రాలు. రాసినవాళ్లు ఒకటి అన్నారు, గీసినవాళ్లు ఇంకోటి గీశారు.

*

మెకానికల్_మావయ్య:

అమ్మాయ్, బాగా పట్టావు. అయితే నా 90 మీటర్లు కూడా ఎక్కువే. బ్రూక్లిన్ బ్రిడ్జి టవర్ నీటి మట్టం నుంచి దాదాపు 84 మీటర్లు. రాత్రికి కూర్చుని లెక్క మళ్లీ వేస్తా.